నెట్ ఎక్కడ తెగింది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వానలు మొదలయ్యాక బెంగళూరు పాఠకుల దగ్గర్నుంచి వస్తున్న గోడు ఒకటే: నెట్ లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లి ‘ఒంట్లో బాలేదు’ అంటే ఆయన ఏం మందు రాస్తాడు? ఎక్కడ నొప్పో చెప్పాలి కదా. కింది జవాబుల్లో చాలా భాగం ఆ నొప్పి ఎక్కడుందో పట్టుకోవడం గురించే.

ప్రశ్న: మహదేవపురలో ఉంటాం. మొన్న రాత్రి కరెంటు పోయి వచ్చినప్పటి నుంచి డెస్క్‌టాప్‌లో నెట్ రావడం లేదు. విండోస్ 11. రౌటర్ నుంచి కంప్యూటర్‌కి వైరు ఉంది, వైఫై కాదు. ఫోన్లలో మాత్రం వైఫై బాగానే వస్తోంది. రౌటర్‌ని నాలుగుసార్లు ఆపి ఆన్ చేశాను. కంపెనీకి ఫోన్ చేస్తే లైన్ బాగానే ఉందంటున్నారు.

జవాబు: ముందు ఫోన్లలో మొబైల్ డేటా ఆపేసి, వైఫై ఒక్కటే ఉంచి ఏదైనా వీడియో పెట్టి చూడండి. వైఫైలో నెట్ రాకపోతే ఫోన్ చప్పుడు చేయకుండా మొబైల్ డేటాకి మారిపోతుంది, మనం వైఫై బాగుందనుకుంటాం. డేటా ఆపినా వీడియో ఆడితే కంపెనీవాళ్లు చెప్పింది నిజమే. ఇక రౌటర్ జోలికి వెళ్లకండి. తప్పు రౌటర్‌కీ కంప్యూటర్‌కీ మధ్యో, కంప్యూటర్ లోపలో ఉంది.

ఇప్పుడు కంప్యూటర్ వెనక, వైరు దూర్చిన చోట చూడండి. సాకెట్ పక్కన రెండు బుల్లి లైట్లు ఉంటాయి. రెండూ వెలగకపోతే వైరు తీసి ‘టక్’ మనేలా మళ్లీ పెట్టండి. వైరు కొసన ప్లాస్టిక్ క్లిప్పు విరిగి ఉంటే పెట్టినట్టే ఉంటుంది, ఊడ్చేటప్పుడు చీపురు తగిలితే వదులవుతుంది. రౌటర్ వైపు కొసను పక్క పోర్టులోకి మార్చి చూడండి, వేరే వైరు ఉంటే అదీ పెట్టి చూడండి.

లైట్లు వెలుగుతుంటే విండోస్ మీట నొక్కి సీఎమ్‌డీ అని ఇంగ్లిషులో మూడక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. నల్ల తెర వస్తుంది. అందులో ఐపీకాన్ఫిగ్ అని, ఇదీ ఇంగ్లిషులోనే, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. ఈథర్‌నెట్ అన్న శీర్షిక కింద ఐపీవీ4 అడ్రస్ అన్న వరుస చూడండి. అక్కడి నంబరు 192.168తో మొదలైతే రౌటర్ మీ కంప్యూటర్‌కి చిరునామా ఇచ్చిందన్నమాట. 169.254తో మొదలైతే ఇవ్వలేదు. అడిగి అడిగి విసిగిపోయి విండోస్ తనకు తానే పెట్టుకున్న ఉత్తుత్తి నంబరు అది.

మీ విషయంలో 169.254 కనిపించే అవకాశమే ఎక్కువ. ఎందుకంటే డెస్క్‌టాప్‌ని షట్‌డౌన్ చేసినా ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపూ నెట్‌వర్క్ కార్డు సగం మెలకువగానే ఉంటుంది. కరెంటు రెప్పపాటు పోయి, తక్కువ వోల్టేజీతో వచ్చి, మళ్లీ పోయిందనుకోండి, ఆ కార్డు ఎటూ కాకుండా బిగుసుకుపోతుంది. రౌటర్‌ని నాలుగుసార్లు కాదు, నలభైసార్లు ఆపినా అది కదలదు. పైగా విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం ఉంటుంది. దానివల్ల షట్‌డౌన్ చేసి మళ్లీ వేసినా పాత డ్రైవర్ స్థితే తిరిగొస్తుంది. రీస్టార్ట్ కొడితేనే అన్నీ మొదటి నుంచి లోడ్ అవుతాయి. కాబట్టి కంప్యూటర్‌ని షట్‌డౌన్ చేసి, గోడ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్ పీకేయండి. పవర్ బటన్‌ని పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు కూడా దిగిపోతుంది. ఒక నిమిషం ఆగి ప్లగ్ పెట్టి ఆన్ చేయండి, తర్వాత ఒకసారి రీస్టార్ట్ కూడా కొట్టండి.

దానికీ లొంగకపోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో ఈథర్‌నెట్ తెరిచి, ఐపీ అసైన్‌మెంట్ దగ్గర ఆటోమేటిక్ అని ఉందో లేదో చూడండి. ఎప్పుడో ఎవరో మాన్యువల్ పెట్టి ఉంటే మార్చండి.

చిరునామా 192.168తో వచ్చినా నెట్ లేకపోతే దారి ఎక్కడిదాకా ఉందో ఒక్కో మెట్టుగా చూడాలి. అదే నల్ల తెరలో పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి, ఐపీకాన్ఫిగ్ చూపిన డిఫాల్ట్ గేట్‌వే నంబరు రాయండి. చాలా ఇళ్లలో అది 192.168.1.1 లేదా 192.168.0.1. రిప్లై వస్తే రౌటర్ దాకా దారి ఉంది. తర్వాత పింగ్ 8.8.8.8. దీనికి జవాబొస్తే ఇల్లు దాటి బయటి ప్రపంచం దాకా దారి ఉంది. ఆఖరున పింగ్ కొట్టి ఏదైనా సైట్ పేరు రాయండి. నంబరుకి జవాబు వచ్చి పేరుకి ‘కుడ్ నాట్ ఫైండ్ హోస్ట్’ అంటే తెగింది డీఎన్ఎస్, అంటే పేర్లను నంబర్లుగా మార్చే పుస్తకం. ఈథర్‌నెట్ సెట్టింగ్స్‌లోనే డీఎన్ఎస్ దగ్గర మాన్యువల్ ఎంచుకుని మొదటిది 8.8.8.8, రెండోది 1.1.1.1 ఇవ్వండి. ఐపీకాన్ఫిగ్ తర్వాత ఖాళీ వదిలి స్లాష్ పెట్టి ఫ్లష్‌డీఎన్ఎస్ అని కొడితే పాత జ్ఞాపకాలు పోతాయి.

పేరుకీ జవాబు వస్తూ బ్రౌజర్‌లో సైట్లు మాత్రం తెరుచుకోకపోతే సెట్టింగ్స్‌లో ప్రాక్సీ, అంటే నెట్‌కి మధ్యవర్తి సర్వర్, ఆన్‌లో ఉందేమో చూడండి. ఆఫీసు వీపీఎన్‌లు, ‘ఉచిత’ వీపీఎన్‌లు పోతూ పోతూ ప్రాక్సీని ఆన్‌లో వదిలేస్తాయి. గడువు తీరిన యాంటీవైరస్ కూడా కొన్నిసార్లు బ్రౌజర్‌ని అడ్డుకుంటుంది. ఇన్ని చేశాకే నెట్‌వర్క్ రీసెట్ బటన్. అది దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లన్నీ చెరిపేస్తుంది, ఆఫీసు వీపీఎన్‌ని మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు. అందుకే దాన్ని ఆఖరికి ఉంచాం.

ప్రశ్న: కె.ఆర్. పురంలో మా ఇంటి ఫైబర్ బాక్సు మీద ఎల్‌ఓఎస్ అనే ఎర్ర లైటు కొట్టుకుంటోంది. ఇలా అవడం నెలలో రెండోసారి. కేబుల్ అబ్బాయి రోజూ ‘నాళె బర్తీని సార్’ (రేపొస్తా సార్) అంటున్నాడు. ఈలోపు మేమే చేసుకోగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉందంటే గాజు తీగలోంచి రావాల్సిన వెలుతురు మీ పెట్టె దాకా రావడం లేదు. కంప్యూటర్‌లో ఏం చేసినా దండగే. ఎర్ర లైటు లేకుండా పాన్ అనే ఆకుపచ్చ లైటు మాత్రం ఆగకుండా కొట్టుకుంటుంటే అది వేరే సంగతి. అప్పుడు వెలుతురు వస్తోంది గానీ అవతలి పరికరం మీ పెట్టెని గుర్తుపట్టలేదు. దాన్ని కంపెనీయే తన కంప్యూటర్‌లో సరిచేయాలి.

మీరు చూడాల్సింది గోడ పెట్టె నుంచి ఫైబర్ బాక్సు దాకా వచ్చే సన్నటి పసుపు లేదా తెల్ల తీగ. దాన్ని ప్యాచ్ కార్డు అంటారు. సోఫా వెనక నలిగిందా, తలుపు సందులో ఇరుక్కుందా, మిగిలిన పొడవుని ఎవరైనా నీటుగా ఉండాలని బిగించి చుట్టి టేపు వేశారా చూడండి. రాగి తీగని ఎంత వంచినా కరెంటు పారుతూనే ఉంటుంది, గాజు తీగ అలా కాదు. మలుపు బిగుసుకుంటే వెలుతురు మలుపు దగ్గరే బయటికి కారిపోతుంది. చుట్ట వేయాల్సి వస్తే టీ కప్పు మూతి కన్నా చిన్నది చేయకండి. ఇంట్లో ఎలుకలుంటే తీగ పొడవునా పంటిగాట్ల కోసం వెతకండి.

కొసన ఉండే కనెక్టర్ ఆకుపచ్చదైతే సాకెట్ కూడా ఆకుపచ్చదే ఉండాలి, నీలానికి నీలం. ఆకుపచ్చ దాని మొన 8 డిగ్రీల వాలుగా, నీలం దాని మొన దాదాపు సమంగా అరగదీసి ఉంటాయి. ఒకదాన్ని ఇంకోదానిలో పెడితే మధ్యలో సందు మిగిలి వెలుతురు సగానికి సగం పోతుంది. కనెక్టర్ని ఒకసారి తీసి పెట్టొచ్చు. మొనని వేలితో తుడవొద్దు, నోటితో ఊదొద్దు. ఊపిరిలోని తడి అంటుకుంటే ఇంకా చెడుతుంది. కంటికి ఎదురుగా పెట్టి అసలు చూడొద్దు. అందులో నడిచే 1310, 1490 నానోమీటర్ల వెలుతురు కంటికి కనిపించదు. కనిపించడం లేదు కాబట్టి ఏమీ లేదనుకోవడం పొరపాటు.

నెలలో రెండోసారి అన్నారు కాబట్టి లైన్ బాగయ్యాక ఒక పని చేయండి. చాలా రౌటర్ల సెట్టింగుల పేజీలో ఆర్‌ఎక్స్ పవర్ అని ఒక సంఖ్య కనిపిస్తుంది, మీ పెట్టెకి అందుతున్న వెలుతురు బలం అది. మైనస్ 20 డీబీఎం (ఆ బలానికి కొలత) దగ్గర ఉంటే హాయి. ఇళ్లలో వాడే మామూలు జీపాన్ రకం ఫైబర్ పెట్టె మైనస్ 27 వరకే పనిచేయగలదు. 3 తగ్గిన ప్రతిసారీ వెలుతురు సగమైనట్టు లెక్క. మీది మైనస్ 25, 26 చూపుతుంటే లైన్‌మ్యాన్ ‘బాగైంది సార్’ అని వెళ్లిపోయినా బాగు కానట్టే. ఎక్కడో జాయింటు సరిగా అతకలేదు, లేదా స్తంభం మీది పెట్టెలో నీళ్లు చేరాయి. ఆ సంఖ్యని ఫొటో తీసి పెట్టుకుని జాయింటు మళ్లీ వేయమనండి.

ఫిర్యాదులో ‘నెట్ లేదు’ అని ఊరుకోకండి. ‘ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంది, ఇంట్లో ప్యాచ్ కార్డు చూశాం, బాగానే ఉంది’ అనండి. ఆ ముక్క చెబితే వచ్చేవాడు గాజు తీగ అతికే స్ప్లైసింగ్ మెషీన్ పట్టుకొస్తాడు. లేకపోతే ఉత్త చేతులతో వచ్చి, చూసి, మళ్లీ నాళె అంటాడు. డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, అడిగి రాసుకోండి. గడువులోగా పని కాకపోతే ఆ నంబరుతోనే కంపెనీ అప్పీలు అధికారికి రాయాలి.

ప్రశ్న: నెట్ నెమ్మదిగా ఉందని రౌటర్ వెనక చిన్న రంధ్రంలో సూది పెట్టి నొక్కాను. ఇప్పుడు అసలే రావడం లేదు. (యలహంక)

జవాబు: ఆ రంధ్రం రౌటర్‌ని ఆపి వేసేది కాదు, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజుకి తీసుకుపోయేది. వైఫై పేరు, పాస్‌వర్డ్‌తో పాటు కంపెనీ నెట్‌లోకి లాగిన్ అవడానికి ఇచ్చిన పీపీపీఓఈ యూజర్ నేమ్, పాస్‌వర్డ్, వాళ్ల లైన్లో మీ దారిని గుర్తించే వీఎల్ఏఎన్ నంబరు కూడా పోతాయి. పీపీపీఓఈ పేరూ పాస్‌వర్డూ కనెక్షన్ ఇచ్చినప్పటి మెసేజ్‌లో దొరకొచ్చు. వీఎల్ఏఎన్ నంబరు కంపెనీనే అడగాలి. అది ఒక్క అంకె తప్పినా లైట్లన్నీ పచ్చగా వెలుగుతూనే నెట్ రాదు. మళ్లీ పెట్టించుకున్నాక రౌటర్‌లో వాన్ (బయటి నెట్ సెట్టింగుల) పేజీని ఫొటో తీసుకోండి. బ్యాకప్ అనే బటన్ ఉంటే సెట్టింగుల ఫైలు కంప్యూటర్‌లో దాచుకోవచ్చు. నెమ్మదిగా ఉందనిపిస్తే ప్లగ్ తీసి అర నిమిషం ఆగి పెట్టండి, చాలు.

ప్రశ్న: బీటీఎం లేఅవుట్‌లో మాది పీజీ. నలభై ఐదు మంది ఉంటారు, ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. పగలు నెట్ బాగుంటుంది. రాత్రి ఎనిమిది దాటాక కొందరికి ‘ఐపీ అడ్రస్ తెచ్చుకుంటోంది’ అని తిరుగుతూ ఆగిపోతుంది. అప్పటికే కలిసి ఉన్నవాళ్లకి మాత్రం బాగానే ఉంటుంది. స్పీడు ప్లాన్ పెంచాం, మార్పు లేదు.

జవాబు: ప్లాన్ పెంచడం వల్ల ఉపయోగం ఉండదు. మీకు తక్కువైంది స్పీడు కాదు, చిరునామాలు. ఇళ్ల కోసం అమ్మే రౌటర్లు చాలావాటిలో డీహెచ్‌సీపీ, అంటే చిరునామాలు పంచే, జాబితాలో 100 నంబర్లే పెట్టి వస్తాయి, 100 నుంచి 199 దాకా. నలభై ఐదు మందికి తలా ఫోను, ల్యాప్‌టాప్ వేసుకుంటే 90. హాల్లో టీవీ, నాలుగు కెమెరాలు, వచ్చీపోయే చుట్టాల ఫోన్లు కలిపితే నిండిపోయింది. పొద్దున ఆఫీసుకి వెళ్లినవాడి నంబరు కూడా వెంటనే ఖాళీ అవదు. లీజ్ టైమ్, అంటే నంబరు ఒకరి పేరు మీద ఉండే గడువు, 24 గంటలు ఉంటే మర్నాటి దాకా వాడి పేరు మీదే ఉంటుంది. రాత్రి ఎనిమిదికి అందరూ దిగేసరికి ఆలస్యంగా వచ్చినవాళ్లకి నంబరు మిగలదు.

రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ సర్వర్ తెరవండి. స్టార్ట్ అడ్రస్ 192.168.1.10, ఎండ్ అడ్రస్ 192.168.1.250 చేయండి. 241 చిరునామాలు వస్తాయి. లీజ్ టైమ్ రెండు గంటలు, అంటే కొన్ని రౌటర్లలో 120 నిమిషాలు, కొన్నింటిలో 7200 సెకన్లు. ఏ కొలతలో అడుగుతోందో చూసి రాయండి. నిమిషాల గడిలో 7200 రాస్తే ఐదు రోజులవుతుంది!

ఇది చేశాక కూడా కొందరికి వస్తూ కొందరికి రాకపోతే అనుమానించాల్సింది ఒక గదిని. ఎవరో కుర్రాడు ఊరి నుంచి పాత రౌటర్ తెచ్చుకుని, గది వైరుని దాని పసుపు లాన్ పోర్టులో (లోపలి పరికరాలు కలిపేది) పెట్టి ఉంటాడు. అప్పుడు ఆ రౌటర్ కూడా మీ నెట్‌వర్క్ మొత్తానికి చిరునామాలు పంచడం మొదలుపెడుతుంది. దాని దగ్గర నంబరు తీసుకున్నవాళ్లకి నెట్ దారి దొరకదు. పట్టుకోవడం తేలిక. నెట్ వచ్చే ఫోనులో, రాని ఫోనులో వైఫై వివరాలు తెరిచి గేట్‌వే నంబరు పోల్చండి. ఒకదానిలో 192.168.1.1, ఇంకోదానిలో 192.168.0.1 ఉంటే దొంగ దొరికినట్టే. ఆ వైరుని అతని రౌటర్ వాన్ పోర్టులోకి (బయటి నెట్ వచ్చేది) మార్పించండి, మామూలుగా అది రంగు వేరుగా, కాస్త ఎడంగా ఉంటుంది. అతని రౌటర్ నంబరు కూడా 192.168.1.1 అయితే మాత్రం దాన్ని 192.168.5.1 లాంటిదానికి మార్చాలి, లేకపోతే లోపలా బయటా ఒకే చిరునామా అయి అది అయోమయంలో పడుతుంది.

ఇంతమందికి, అన్ని అంతస్తులకీ ఒకే రౌటర్ సరిపోదని వేరే చెప్పాలా? అంతస్తుకో యాక్సెస్ పాయింట్ (వైఫై పంచే పెట్టె) వైరుతో పెట్టించండి. వైఫైని వైఫైతోనే పొడిగించే చవక రిపీటర్లు పీజీలకి పనికిరావు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికి 1, ఇంకోదానికి 6, మూడోదానికి 11 చానల్ ఇవ్వండి. ఒకదాని మీద ఒకటి పడనివి ఆ మూడే.

ప్రశ్న: 200 ఎంబీపీఎస్ ప్లాన్. ఫోనులో 180 దాకా వస్తోంది. వైరు పెట్టిన డెస్క్‌టాప్‌లో 94 దాటదు. వైరే వేగం కదా? (మారతహళ్లి)

జవాబు: 94 అన్న సంఖ్యే జబ్బు పేరు చెప్పేస్తోంది. మీ వైరు లింకు 100 దగ్గర కుదురుకుంది, ప్యాకెట్ల (డేటా ముక్కల) పైఖర్చు పోగా 94, 95 మిగులుతుంది. లాన్ వైరులో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా ఉంటాయి. 100కి రెండు జతలు చాలు: 1, 2, 3, 6 పిన్నులు. 1000 కావాలంటే నాలుగు జతలూ కావాలి. మిగతా నాలుగు తీగల్లో ఒకటి తెగినా లింకు చప్పుడు లేకుండా 100కి దిగుతుంది. క్లిప్పులోంచి చూస్తే తీగల రంగులు కనిపిస్తాయి. రెండు కొసలా వరుస ఇలా ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. నాలుగే కనిపిస్తే వైరు వేసినవాడు పిసినారి. వైరు బాగుంటే రౌటర్ పోర్టులే 100వి అయ్యుండొచ్చు, పెట్టె అడుగున గిగాబిట్ (అంటే 1000) అని ఉందో లేదో చూడండి.

ప్రశ్న: పాత కంప్యూటర్. పొద్దున ఆన్ చేస్తే ఏ సైటు తెరిచినా ‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అంటుంది. వైరస్ అని భయంగా ఉంది. (బనశంకరి)

జవాబు: కింద మూల తేదీ చూడండి. పదేళ్లు వెనక్కి పోయి ఉంటుంది. ప్రతి సైటూ తన గుర్తింపు పత్రం చూపిస్తుంది, దాని మీద ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని గడువు ఉంటుంది. మీ కంప్యూటర్ దృష్టిలో ఆ రోజు ఇంకా రాలేదు, కాబట్టి పత్రం చెల్లదంటుంది. నెట్ బాగానే ఉంది, గడియారం చచ్చింది.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, పేరు సీఆర్2032. 20 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. కొత్తది 3 వోల్టులకి కాస్త పైనే చూపిస్తుంది, మీటర్‌లో 2.7కి దిగితే మార్చేయండి. దానికోసం ఎలక్ట్రానిక్స్ కొట్లుండే ఎస్పీ రోడ్డు దాకా వెళ్లక్కర్లేదు, వీధి చివర వాచీల కొట్లో దొరుకుతుంది. ప్లగ్ పీకి, పక్క క్లిప్పుని గోటితో నొక్కితే పాతది పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టండి. ఆన్ చేయగానే బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెర) వెళ్లి తేదీ, సమయం సరిచేయండి. తేడా 15 గంటలకి మించితే విండోస్ మామూలుగా తనంతట తాను దిద్దుకోదు, అందుకే చేత్తో పెట్టమంటున్నాం.

ప్రశ్న: రౌటర్‌కి యూపీఎస్ కొన్నాం. అయినా కరెంటు పోగానే నెట్ పోతోంది. రౌటర్ లైట్లు మాత్రం వెలుగుతూనే ఉంటాయి. (హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్)

జవాబు: మీ ఇంట్లోకి వచ్చేది గాజు తీగా, మామూలు లాన్ వైరా చూడండి. లాన్ వైరైతే మీ అపార్ట్‌మెంట్ డాబా మీదో, మెట్ల కిందో కేబుల్ వాళ్ల స్విచ్ ఉంది. దానికి కరెంటు పోతోంది. ఆ స్విచ్‌కి బ్యాకప్ పెట్టమని, లేదా దాన్ని జనరేటర్ లైనుకి కలపమని అసోసియేషన్ ద్వారా అడగాలి. గాజు తీగ ఇంటి దాకా వస్తుంటే దారిలో వెలుతురుని ఇళ్లకి పంచే స్ప్లిటర్లకి కరెంటే అక్కర్లేదు. ఇంట్లో రెండు పెట్టెలుంటే, అంటే ఫైబర్ బాక్సు వేరు, రౌటర్ వేరు అయితే, యూపీఎస్‌కి ఒక్కటే కలిపి రెండోదాన్ని మరిచి ఉంటారు. కలిపేటప్పుడు రెంటి వోల్టులూ చదవండి. ఒకటి 12, ఇంకోటి 9 కావచ్చు.

ప్రశ్న: మే నెలలో ఉరుముల వానకి కంప్యూటర్ లాన్ సాకెట్ పోయింది. ప్లగ్ పీకే ఉంచాం! మదర్‌బోర్డే మార్చాలంటున్నారు. (రామమూర్తి నగర్)

జవాబు: ప్లగ్ పీకారు, లాన్ వైరు పీకలేదు. డాబా మీద నుంచి దిగే రాగి వైరు పిడుగు తాకిడిని నేరుగా లోపలికి తెస్తుంది. మిగతా కంప్యూటర్ బాగా నడుస్తుంటే మదర్‌బోర్డు మార్చక్కర్లేదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ గిగాబిట్ లాన్ కార్డు కొని ఖాళీ స్లాట్‌లో పెట్టండి, లేదా యూఎస్‌బీ 3.0 లాన్ అడాప్టర్ తగిలించండి. బయోస్‌లో పాత ఆన్‌బోర్డ్ లాన్‌ని డిసేబుల్ చేయండి, కాలిన చిప్పు అప్పుడప్పుడు బూటింగ్‌ని సతాయిస్తుంది. వైరు అవతలి కొసన ఉన్న రౌటర్ పోర్టుని కూడా వేరే ల్యాప్‌టాప్‌తో పరీక్షించండి. అదీ కాలి ఉంటే కొత్త కార్డు పెట్టినా నెట్ రాదు, మళ్లీ కార్డునే అనుమానిస్తారు.